చెదరని బంగారు అంచు

పెద్దాయన శవం ఇంకా పోస్టుమార్టం గదిలోనే ఉంది. ఆయన ఒళ్లో ఉన్న పుస్తకానికి టీ మరక పడిందనీ, పరిహారం ఇప్పించమనీ కూతురూ అల్లుడూ పొద్దున్నే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశారు. కంపెనీ వాళ్లు భూతద్దాన్ని పంపించారు.

అది ఆమె అసలు పేరు కాదు. ఇరవై ఏళ్లుగా దొంగ క్లెయిముల్ని పట్టుకుంటున్న ఆ మనిషికి ఆఫీసులో వాళ్లు పెట్టుకున్న పేరు. నిజానికి ఆమె దగ్గర భూతద్దమే లేదు. మనుషుల అబద్ధాలు చూడటానికి మామూలు కళ్లజోడు చాలని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేసే మొనగాడు ఇంతవరకూ ఆమెకు తారసపడలేదు, పడతాడన్న ఆశ కూడా ఆమెకు లేదు.

చదువుకునే గది గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం పత్రికల వాళ్లని రమ్మన్నాడు కాబట్టి యూనిఫాం మడత నలగకుండా జాగ్రత్త పడుతున్నాడు. మీసం కూడా అప్పుడే దువ్వినట్టుంది.

"పుస్తకం కోసం వచ్చారట కదా మేడమ్. నింపాదిగా చూసుకోండి. శవం సంగతి మేం చూసుకున్నాం."

"అప్పుడే చూసేసుకున్నారా?"

"నిన్న రాత్రే తేలిపోయింది. నర్సు పని. మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తున్నాం."

భూతద్దం వంటింటి వైపు చూసింది. పాతికేళ్ల పిల్ల ఒకతి స్టూలు మీద కూర్చుని గచ్చు వంక చూస్తోంది. పక్కనే కాపలా కానిస్టేబుల్ ఆవులిస్తోంది. ఆ పిల్ల మొహంలో భయం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

"ఏమంటోంది?"

"ఏమీ అనదు. రాత్రినుంచి నోరు విప్పలేదు. అంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి?"

నోరు మూసుకున్నవాళ్లంతా నేరస్థులైతే, నోరు మూయనివాళ్లంతా ఏమవుతారో ఈయనకు చెప్పాలనిపించింది భూతద్దానికి. కానీ వ్యర్థమనుకుని ఊరుకుంది.

ఇన్‌స్పెక్టర్ కేసంతా గడగడా అప్పజెప్పాడు. సాయంత్రం ఆరింటికి నర్సు టీ ఇచ్చి వెళ్లింది. ఆ వెంటనే అల్లుడు లోపలికి వెళ్లి ఆరున్నర దాకా మామగారి దగ్గర కూర్చున్నాడు. పెద్దాయన తన రష్యన్ నవల పైకి చదివి వినిపించాడు. మధ్యలో ఒకసారి కూతురు గుమ్మం దాకా వచ్చి, తండ్రి చదువుకుంటున్నాడని చూసి వెళ్లిపోయింది. ఆరున్నరకి అల్లుడు లేచి మేడమీదికి వెళ్లాడు. అక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసే ఉన్నారు. ఏడింటికి నర్సు కెవ్వుమని అరిచింది. ముఖం మీద దిండు నొక్కి చంపారని డాక్టరు చెప్పాడు. ఆరున్నరకీ ఏడింటికీ మధ్య కింద ఉన్నది నర్సు ఒక్కతే.

"ఎందుకు చంపిందట?"

"నెలాఖరుకి పనిలోంచి తీసేస్తామని చెప్పారట. కడుపు మండింది."

"ఉద్యోగం పోతే మనుషుల్ని చంపుతారనుకుంటే, మా కంపెనీలో మేనేజర్లు ఒక్కరూ బతికి ఉండకూడదు," అంది భూతద్దం. "ఆ అమ్మాయి సామాను చూశారా?"

"చూడకుండా ఉంటామా? రెండు జతల బట్టలు, దువ్వెన, టిఫిన్ డబ్బా, అట్టలూడిన చింపిరి పుస్తకం ఒకటి. కాలక్షేపానికి చదువుకునేదేమో. పనికొచ్చేది ఏమీ లేదు."

"సరే, జరగండి. నా పుస్తకం నేను చూసుకుంటాను."

గదిలో మూడు గోడలకీ అద్దాల బీరువాలు. వాటి నిండా తోలు అట్టల పుస్తకాలు. ఒక వరస అంతా ఎరుపు, ఒక వరస అంతా ఆకుపచ్చ. రంగు చూసి తోరణం కట్టినట్టు పేర్చారు. బీరువాలన్నిటికీ తాళాలు. చదివేవాడెవడూ పుస్తకాలకు తాళం వేసుకోడు. పక్కింటివాళ్లు చూసి కుళ్లుకోవాలనుకునేవాడే వేస్తాడు. కిటికీ పక్కన పెద్దాయన పడక్కుర్చీ, దాని పక్కనే చిన్న పేము స్టూలు, రెంటి మధ్యా పొడుగు మెడ దీపం ఒకటి. టీ కప్పు కింద పడి చెవి విరిగి ఉంది.

అల్లుడు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఏడవాలని గుర్తుపెట్టుకుని, ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక తికమక పడుతున్న మొహం. కూతురు అతని వెనకే వచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె కళ్లు మాత్రం నిజంగానే వాచి ఉన్నాయి.

పుస్తకం బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉంది. దాన్ని చూడగానే అల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

"ప్రపంచం మొత్తం మీద రెండొందల యాభై కాపీలే వేశారండీ. మేలు రకం మేక తోలు. చేత్తో కుట్టారు. పుస్తకం వీపు మీద ఐదు ఉబ్బు గీతలు చూడండి. పేజీల అంచులకు మూడు వైపులా అసలు బంగారు పూత. నేనే తెప్పించి మామయ్యగారి పుట్టినరోజుకి ఇచ్చాను. రష్యన్ నవలల్లో దీన్ని మించింది లేదంటారు."

"ఎలా ఉంటుంది?"

"రెండున్నర కిలోలు ఉంటుందండీ."

భూతద్దం కళ్లజోడు సర్దుకుంది. నవ్వు ఆపుకోవడానికి కాదు. ఈ మనిషిని మరింత స్పష్టంగా చూడాలనిపించింది.

"పాలసీ ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరు మీదే. మామయ్యగారికి ఈ వ్యవహారాలు తెలియవు కదా."

"బహుమతి ఆయనకి, పాలసీ మీకు. బాగుంది. నిన్న ఆయన ఇందులో ఎక్కడ చదివి వినిపించారు?"

అల్లుడు తడుముకోలేదు. వల్లె వేసి వచ్చినట్టే ఉన్నాడు. "మధ్యలోనండీ. మంచు కురుస్తుంటుంది. ఇద్దరు దొరలు పిస్తోళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు. చాలా బాగా చదివారు. నేను మైమరచిపోయాను."

రష్యన్ నవల కాబట్టి మంచు తప్పకుండా ఉంటుందని ఇతగాడి ధైర్యం. పిస్తోళ్లు కూడా ఉండే ఉంటాయని ఊహ. ఆ మాత్రం ఊహించడానికి అట్ట చూస్తే చాలు, అట్ట మీద మంచూ గుర్రబ్బండీ బంగారంతో అచ్చు వేసి ఉన్నాయి.

"ఎన్ని పేజీలు చదివుంటారు?"

"ముప్ఫై దాకా ఉంటాయి."

"పేజీలు తిప్పుతుంటే చప్పుడు వచ్చిందా?"

"పేజీలకి చప్పుడేముంటుందండీ?" అల్లుడు జాలిగా నవ్వాడు. మరక సంగతి మాట్లాడకుండా ఈవిడ ఏవేవో అడుగుతోందేమిటన్న విసుగు ఆ నవ్వులో ఉంది.

భూతద్దం గుమ్మం వైపు తిరిగింది. "మీరు కూడా చూశారట కదమ్మా?"

"గుమ్మం దగ్గర్నుంచే," అంది కూతురు. "నాన్న తల వంచుకుని చదువుకుంటున్నారు. పలకరించలేదు. ఆయన నన్ను చూడను కూడా లేదు. అలాగే వెళ్లిపోయాను."

"లోపలికి అడుగు పెట్టలేదు?"

"లేదు."

"మరి ఈ టీ ఎప్పుడు ఒలికింది?"

దీనికి అల్లుడే అందుకున్నాడు. "నేను వెళ్లేటప్పటికి కప్పు నిండుగానే ఉందండీ. ఆ నర్సు దిండు నొక్కినప్పుడు మామయ్యగారు పెనుగులాడి ఉంటారు. కప్పు దొర్లి, ఒళ్లో ఉన్న పుస్తకం మీద పడింది. ఇంత విలువైన వస్తువు, చూడండి, ఏ గతి పట్టిందో."

మామగారి చావు చెప్పినప్పుడు వణకని గొంతు మేక తోలు దగ్గరికొచ్చేసరికి వణికింది. ఇరవై ఏళ్లలో ఎన్నో నీచాలు చూసిన భూతద్దానికి కూడా కాసేపు ఒళ్లు కంపరమెత్తింది.

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పై అట్ట తళతళలాడుతోంది. ఒక్క చుక్క కూడా లేదు. తిరగేసింది. కింది అట్ట మీద అరచేయంత మరక. మరక నిండా సన్నటి నేత గళ్లు, తడిసిన ఉన్ని బట్ట మీద వస్తువు పెడితే పడే అచ్చులా.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పెద్దాయన ఒళ్లో ఏముంది?"

"శాలువా. టీతో తడిసి ఉంది. దాని మీద పుస్తకం ఉంది."

"పుస్తకం ఎలా ఉంది? బోర్లానా?"

"బొమ్మ పైకే ఉంది. ఫొటో కూడా తీయించాను."

"అయితే ఆ టీ పైనుంచి పడి, బొమ్మ తడవకుండా పుస్తకం చుట్టూ తిరిగి వెళ్లి, కింది అట్టకి అంటుకుందా? అంత మర్యాద తెలిసిన టీ నేనెప్పుడూ చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. భూతద్దం మాటలు అతని కోసం ఆగలేదు.

"ముందు టీ ఒలికింది. శాలువా తడిసింది. ఆ తడిసిన శాలువా మీద, ఆయన ప్రాణం పోయాక, ఎవరో పుస్తకం తెచ్చి పెట్టారు. మరక కోసం మీరు నన్ను పిలవకపోతే ఈ కింది అట్ట ఎవరూ తిరగేసేవాళ్లు కారు. పరిహారం మీద ఆశ ఎంత పని చేసిందో చూశారా?"

"ఆ నర్సే పెట్టుండొచ్చు కదండీ," అన్నాడు అల్లుడు.

"ఉండొచ్చు. ఇంకొకటి చూద్దాం. ఇన్‌స్పెక్టర్ గారూ, కాస్త చెవి ఇలా పెట్టండి."

"నేనా?"

"మీసం నలగదు లెండి, రండి."

ఆమె పుస్తకం మధ్యలో వేళ్లు పెట్టి మెల్లగా విడదీసింది. చిటచిటమని సన్నటి చప్పుడైంది, ఎండిన అప్పడం విరిగినట్టు. ఇంకో చోట విడదీసింది. మళ్లీ అదే చప్పుడు. రెండు పేజీల మధ్య అంచు మీది బంగారు పూత సన్నగా పగిలి, కొంచెం పొడి బల్ల మీద రాలింది.

"పేజీలన్నీ కలిపి అంచుకి పూత వేస్తారు. అందుకే కొత్త పుస్తకంలో కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మొదటిసారి తెరిచినవాడికి ప్రతి పేజీ ఇలా చప్పుడు చేస్తుంది. పేజీ గుర్తు కోసం పెట్టే ఈ పట్టు దారం చూడండి. బైండింగు చేసినవాడు ఎలా చుట్టి పెట్టాడో అలాగే ఉంది, కాగితం మీద దాని చార కూడా పడింది. ఈ పుస్తకాన్ని పుట్టినప్పట్నుంచి ఎవరూ తెరవలేదు. నిన్న ముప్ఫై పేజీలు చదివారట, ఒక్క పేజీ కూడా చప్పుడు చేయలేదట."

ఆ పుస్తకం ధర అల్లుడికి తెలుసు, తోలు తెలుసు, కాపీ నంబరు తెలుసు. కొన్నవాడు ఒక్కసారైనా తెరిచి చూసుంటే దాన్ని శవం ఒళ్లో పెట్టేవాడు కాడు. ఇల్లంతా చదవని పుస్తకాలు నింపుకున్న మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది.

"వేరే పుస్తకమేమో," అన్నాడు చివరికి. "నేను వింటున్నాను కానీ, ఏ పుస్తకమో పట్టించుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాటని మునిగిపోయేవాడిలా పట్టుకున్నాడు. "అదీ నిజమే కదా. ఏ పుస్తకమైతేనేం? చదివాడు. అల్లుడు విన్నాడు, కూతురు చూసింది. ఇద్దరు సాక్షులు. జిగురూ బంగారం అంటూ కోర్టుకెళ్తే జడ్జిగారు నవ్వుతారు మేడమ్. మీ మరక సంగతి తేలింది, క్లెయిము కొట్టేయండి. నా కేసు నాకొదిలేయండి. పన్నెండింటికి నేను ఆ పిల్లని పంపించేయాలి."

"పంపించకపోతే?"

"పత్రికల వాళ్లకి ఏం చెప్పమంటారు?"

అదీ ఆయన బాధ. ఒక ఆడపిల్ల బతుకు జైలు పాలవడం కన్నా, తన ఫొటో పత్రికలో పడకపోవడమే ఆయనకు పెద్ద కష్టం. భూతద్దానికి ఒళ్లు మండింది. కోపం వస్తే ఆమె గొంతు ఇంకా మెల్లగా అవుతుంది.

"దీపం ఎవరైనా కదిలించారా?"

"ఎవరూ ముట్టుకోలేదు. నా కానిస్టేబుల్ రాత్రంతా కాపలా ఉంది."

ఆమె కిటికీ తెర లాగేసి, దీపం వెలిగించింది. వెలుతురు గుండ్రంగా వెళ్లి పేము స్టూలు మీద పడింది. పడక్కుర్చీ మసక చీకట్లో ఉండిపోయింది. దీపం మెడ బిగుసుకుపోయి ఉంది. మరలు తుప్పు పట్టాయి. కదిపి చాలాకాలమైనట్టే ఉంది.

"ఎనభై ఏళ్లు దాటిన మనిషి చదువుకుంటానంటే దీపం తన వైపు తిప్పుకుంటాడు. ఈ దీపం నెలల తరబడి స్టూలు వైపే చూస్తోంది. ఈ గదిలో చదివింది స్టూలు మీద కూర్చున్నవాళ్లు. కుర్చీలో కూర్చున్నాయన కాదు." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "ఆ నర్సునీ, మీకు పనికిరాని ఆ చింపిరి పుస్తకాన్నీ ఇక్కడికి తెప్పించండి."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. కానీ తెప్పించాడు.

పుస్తకానికి ముందు అట్ట లేదు, వెనక అట్ట సగమే ఉంది. పచ్చబడిన చవక కాగితం. ఎన్ని వందల సార్లు తిప్పారో, అంచులు మెత్తగా గుడ్డపీలికల్లా అయిపోయాయి. మధ్యలో గుర్తుగా తలపిన్ను పెట్టి ఉంది. భూతద్దం మొదటి పేజీ చూసి, దాన్ని తోలు పుస్తకం పక్కన పెట్టింది. రెండూ ఒకటే నవల. ఒకటి మేక తోలు, రెండోది మన భాషలోకి ఎవరో ఎప్పుడో చేసిన చవక అనువాదం.

"అమ్మాయ్, ఇది ఎవరిది?"

నర్సు ఆ పుస్తకం అంచు సవరించింది.

"నువ్వు దొంగతనం చేశావని నేననుకోవడం లేదు. స్టూలు మీద కూర్చుని చదివింది నువ్వే. అవునా?"

నర్సు కళ్లు ఆ పుస్తకం మీద ఉన్నాయి. "పెద్దయ్యగారికి మాటిచ్చాను," అంది.

"ఆయనిప్పుడు ఆ మాట అడగడానికి లేరు. నువ్వు చెప్పకపోతే ఇంకో అరగంటలో నిన్ను తీసుకెళ్తారు. ఆయనైతే ఏమనేవారు? ఇంకా నోరు మూసుకునే ఉండమనేవారా?"

ఆ పిల్లకి మాట మెల్లగా వచ్చింది.

"రోజూ ఐదింటి నుంచి ఆరింటి దాకా నేనే చదివేదాన్ని. ఆ పేర్లు నోరు తిరగవండీ. ఒక్కొక్కళ్లకి మూడేసి పేర్లు. అందుకని నేనే పెట్టుకున్నాను, పొడుగాయన, ఏడుపుగొట్టు మరిది, గొప్పల పిన్నిగారు అని. పెద్దయ్యగారు పగలబడి నవ్వేవారు. అలాగే చదవమనేవారు. నిన్న ఆరింటికి పిన్నుపెట్టి, పుస్తకం సంచిలో దాచుకుని, టీ ఇచ్చి వంటపనికి వెళ్లాను. ఏడింటికి అన్నం పెట్టాలి. వచ్చేసరికి..."

"దాచుకోవడం ఎందుకు?"

నర్సు ఒకసారి కూతురి వంక చూసి తల దించుకుంది.

"పెద్దయ్యగారికి చూపు లేదండీ. ఆరు నెలలైంది, పూర్తిగా పోయి. వెలుతురూ చీకటీ కూడా తెలియదు. ఇంట్లో వాళ్లకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే కాగితం మీద చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించి, ఇల్లు అమ్మేసి, తనని ఎక్కడో పడేస్తారని భయం. ఎవరైనా వస్తున్నట్టుంటే నా చేతిలో పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకునేవారు. వెళ్లిపోయాక మళ్లీ నాకిచ్చేవారు."

ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కప్పు కింద తింటూ, కన్నతండ్రి గుడ్డివాడయ్యాడని ఆరు నెలలుగా తెలుసుకోలేని మనుషులు. భూతద్దం ఆ ఇద్దరి వంకా చూసింది. అసహ్యించుకోవడానికి కూడా ఓపిక కావాలి, అది ఆమెకు అప్పటికి అయిపోయింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అతనికి లెక్క ఆలస్యంగా కుదురుతుంది, కానీ కుదిరింది. "చూపు లేని మనిషి ముప్ఫై పేజీలు చదివి వినిపించాడా?" అని అల్లుణ్ని అడిగాడు. అల్లుడు గోడ వంక చూశాడు. ఇన్‌స్పెక్టర్ కూతురి వైపు తిరిగాడు. "ఆయన చదువుకుంటుంటే మీరు గుమ్మంలోంచి చూశారా?"

కూతురికి ఆ ప్రశ్న వినపడినట్టు లేదు. గుమ్మం వదిలి గదిలోకి వచ్చి, ఖాళీ పడక్కుర్చీ ముందు నిలబడింది.

"అబద్ధం," అంది. "నాన్నకి కళ్లు కనబడకపోవడమేమిటి?"

"ఊరుకో," అన్నాడు భర్త.

"కనబడకపోతే ఎలా కుదురుతుంది?" ఆమె భర్తతో కాదు, కుర్చీతో మాట్లాడుతున్నట్టుంది. "నేను వెనకనుంచి వచ్చాను. ఒక్క మాటైనా మాట్లాడలేదు. దిండు తీసుకునేటప్పుడు కూడా చప్పుడు చేయలేదు. ఆయన తల తిప్పి 'వచ్చావా తల్లీ' అన్నారు. నవ్వుతూ అన్నారు. కళ్లు లేకపోతే వచ్చింది నేనేనని ఎలా తెలిసింది?"

భర్త కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి టోపీ మీదే ఆగిపోయింది. కానిస్టేబుల్ తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

అడిగిందేమిటో, ఒప్పుకున్నదేమిటో నర్సు ఒక్కదానికే ఇంకా అందలేదు. పాపం, అడిగినదానికి జవాబు చెప్పడమే ఆమెకు తెలుసు.

"మీ అడుగుల చప్పుడు ఆయనకి తెలుసమ్మా," అంది. "సాయంత్రం మీరు ఇటు వస్తుంటే నన్ను చదవడం ఆపమనేవారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నవ్వు మొహం చేసుకుని కూర్చునేవారు. మీరు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయేవారు. 'ఏదో ఒక రోజు లోపలికి వస్తుందిలే' అని నాతో అనేవారు."